మందు పొయ్యని సాలు

బెజవాడలో ప్రకృతి ఉత్పత్తులమ్మే కొట్లో కిలో పసుపు పొడి 480 రూపాయలు. పక్క వీధి కిరాణాలో అందులో సగం. తేడా ఏంటని అడిగితే బల్ల వెనకున్న కుర్రాడు "ఇది జీవామృతంతో పండింది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను చదివేది మైక్రోబయాలజీ. జీవామృతమంటే పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు. పేడనీళ్ళలో ఏమేం పెరుగుతాయో గాజు పళ్ళెంలో చూసినవాణ్ణి. అందులో రెండొందల నలభై రూపాయల మహిమ ఎక్కడుందో పండించే చోటే చూద్దామనిపించింది. స్నేహితుడి బాబాయి ఒకాయన దుగ్గిరాల అవతల పసుపు, అరటి వేస్తాడు. ఎరువు బస్తా ముట్టుకుని చాలా ఏళ్ళయిందని గొప్పగా చెప్పుకుంటాడు. తెనాలి బస్సెక్కాను.

వారధి దాటేదాకా నిలబడే ప్రయాణం. తాడేపల్లిలో సీటు దొరికింది. కిటికీ పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని పదేళ్ళ మనవడు. వాడు కళ్ళు తెరిస్తే తెల్లగుడ్డంతా పచ్చగా ఉంది.

"కామెర్లా అమ్మమ్మా?"

"అవును నాయనా. రేపు ఆదివారం గదా, పసరు పోస్తారు. అందుకే పోతున్నాం." చెప్పిన ఊరు నేను వెళ్తున్నదే.

"రక్తపరీక్ష చేయించారా?"

"చేయించకేం, కాయితం ఇచ్చారు. చూసినందుకు ఐదొందలు, పరీక్షకి పన్నెండొందలు. అన్నీ అయ్యాక మందు లేదు, ఇంట్లో పడుకోబెట్టండన్నారు. కాయితం తాగితే తగ్గుద్దా?"

కాగితం తీసుకుని చూశాను. హెపటైటిస్ ఏ. డాక్టరు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆ వైరస్‌ని చంపే మందు లేదు. విశ్రాంతి, నీళ్ళు, తినగలిగినంత తిండి ఉంటే పిల్లల్లో దాదాపు అందరికీ కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ పదిహేడు వందలు ఇచ్చుకున్నాక ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది? ఊరికే ఉండమని చెప్పడానికి డబ్బులు తీసుకునే వైద్యం ఒకవైపు, తాంబూలంలో ఎంత పెడితే అంత పుచ్చుకుని చేతికి ఒక గ్లాసు ఇచ్చే వైద్యం ఇంకోవైపు. మంగళగిరి దాటి రేవేంద్రపాడు వచ్చేదాకా ఆవిడ నన్నే ప్రశ్నలడిగింది. ఏం చదువుతున్నావంటే కంటికి కనపడని పురుగుల చదువన్నాను. "అయితే మావాడి ఒంట్లో పురుగుకి మందు కనిపెట్టు ముందు" అంది.

దుగ్గిరాల లాకుల దగ్గర దిగేసరికే ఉడికిన పసుపు వాసన. ఆటోవాడు ఒక్కడివైతే నూటయాభై, సీట్లు నిండేదాకా ఆగితే ముప్పై అన్నాడు. ఆగాను.

ఫిబ్రవరి, మార్చి ఈ వైపు పసుపు తవ్వకాల కాలం. జూన్, జూలైల్లో నాటింది ఎనిమిది తొమ్మిది నెలలకి ఆకు ఎండి వాలిపోతుంది, అప్పుడు తవ్వుతారు. తవ్విన సరుకుని మట్టి దులిపి కొమ్ములు వేరు, కాయలు వేరు చేస్తారు. కాయ అంటే కొమ్ములు పుట్టుకొచ్చే తల్లి దుంప. అది లావు, ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. రెండూ కలిపి బానలో వేస్తే కాయ ఉడికేసరికి కొమ్ము చితికిపోతుంది. తవ్విన రెండు మూడు రోజుల్లో పొయ్యి ఎక్కించాలి, ఆలస్యమైతే సరుకు దెబ్బతింటుంది.

ట్రాక్టరు వెనక తగిలించుకొచ్చే ఆవిరి బాయిలర్లు ఇప్పుడు అద్దెకి దొరుకుతున్నా బాబాయిగారు ఇంకా ఇనప బానలోనే ఉడకబెడుతున్నాడు. బాన నిండా కొమ్ములు, అవి మునిగి పైన కాస్త నిలిచేటట్టు నీళ్ళు, కింద ఎండిన పసుపాకు మంట. ముప్పావు గంట నుంచి గంట. ముందు నురుగు పొంగుతుంది, తర్వాత తెల్లటి ఆవిరి లేస్తుంది, పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు ఒక కొమ్ము బయటికి తీసి పుల్ల గుచ్చుతారు. అడ్డం లేకుండా దిగితే దించేయాలి. తక్కువ ఉడికితే ఆరడం ఆలస్యం, ఆరాక పెళుసు, పురుగూ తొందరగా పడుతుంది. ఎక్కువ ఉడికితే రంగు చస్తుంది. ఈ ఉడకబెట్టడంలో మంత్రమేమీ లేదు. దుంపలో పిండి జెల్లీగా మారి రంగు లోపలంతా సమానంగా పరుచుకుంటుంది, మొలక చచ్చిపోతుంది, నీరు తేలిగ్గా బయటికి పోతుంది. పూర్వం బాన మూతిని ఆకులతో కప్పి పైన పేడ అలికేవారట. "ఇప్పుడట్టా చేస్తే కొనేవాడు మొహం చిట్లిస్తాడబ్బాయ్" అన్నాడు బాబాయిగారు. పేడ వాడనన్న మాట ఆయన నోట విన్నది అదొక్కటే.

కళ్ళంలో రెండు మూడంగుళాల మందాన పరిచి పది పదిహేను రోజులు ఎండబెడతారు. మరీ పల్చగా పరిస్తే రంగు తగ్గుతుంది. సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ కప్పకపోతే మంచు తగిలి మళ్ళీ మెత్తబడుతుంది. ఎండిందో లేదో చూడడానికి తేమ మీటరేం లేదు, కొమ్ము విరిస్తే ఠంగుమనాలి, అంతే. నాలుగైదు కిలోల పచ్చి పసుపు ఎండితే కిలో అవుతుంది. తర్వాత డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి నునుపు తేలుతుంది. మోసం ఎక్కువగా దూరేదీ ఇక్కడే. మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు చల్లుతారు. బంగ్లాదేశ్‌లో పసుపు ద్వారా జనం రక్తంలోకి సీసం ఎలా చేరుతోందో 2019లో పరిశోధకులు బయటపెట్టింది ఈ మెరుగు దశ దగ్గరే. కళ్ళు జిగేల్మనే పసుపుని చూస్తే భయపడాలి.

ఇంతవరకూ బాబాయిగారి కళ్ళానికీ పక్కవాడి కళ్ళానికీ తేడా ఏమీ కనపళ్ళేదు. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ ఎంతుంటుందన్నది చాలావరకు రకాన్ని బట్టి పోతుంది. ఇక మిగిలింది జీవామృతం డ్రమ్ము.

అరటితోటలో చెట్టు నీడన 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, మూతిమీద గోనెపట్టా. ఎకరానికి ఒక డ్రమ్ము. పది కిలోల పచ్చి పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల నల్లబెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు, మిగతాది నీళ్ళు. కర్రతో పూటకోసారి కుడివైపుకి తిప్పాలి. నలభై ఎనిమిది గంటలకి వాడకానికొస్తుంది, వారం లోపు అయిపోవాలి. గోనె తీస్తే పైన గోధుమరంగు నురుగు, దాన్లో చిన్న చిన్న బుడగలు చిట్లుతున్నాయి. వాసన పులిసిన కల్లుకీ పశువుల కొట్టానికీ మధ్య ఎక్కడో ఉంది. ఆ వాసన ఉంటే బాగున్నట్టు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి తగలక చెడిపోయినట్టు. బిగుతు మూత పెట్టేవాళ్ళకీ, తిప్పడం మర్చిపోయేవాళ్ళకీ జరిగేది అదే. బెల్లం ఎక్కువైతే పుల్లబడుతుంది. క్లోరిన్ కలిపిన పంపు నీళ్ళు పోస్తే సూక్ష్మజీవులు మొదటి రోజే దెబ్బతింటాయి, బోరు నీళ్ళో కాలవ నీళ్ళో కావాలి. ఇనప డ్రమ్ము తుప్పుపడుతుంది. బట్టలో వడకట్టకుండా స్ప్రేయర్‌లో పోస్తే నాజిల్ మూసుకుంటుంది, డ్రిప్పులో వదిలితే ఇంకా కష్టం. కుడివైపే ఎందుకు తిప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎడమకి తిప్పినా కలిసేది కలుస్తుంది.

జేబులో పెన్ను తీసి అరటాకు వెనక లెక్క వేశాను. పది కిలోల పేడలో నత్రజని 50 గ్రాములకు అటూ ఇటూ. పది లీటర్ల మూత్రంలో వంద గ్రాములు. రెండు కిలోల శనగపిండిలో డెబ్భై. మొత్తం పావుకిలో లోపే. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల 700 గ్రాములు. పదిహేను రోజులకోసారి పంటకాలమంతా పోసినా నాలుగు కిలోలు. పసుపులాంటి తిండిపోతు పంటకి అది ఏ మూలకి?

"ఇది ఎరువు కాదబ్బాయ్, తోడు" అన్నాడాయన. సూక్ష్మజీవుల తోడు. పైసా ఖర్చు లేని సాగంటూ ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసే, 2016లో పద్మశ్రీ వచ్చిన సుభాష్ పాలేకర్ చెప్పేదీ అదే, దేశీ ఆవు పేడ గ్రాములో కోట్ల కోట్ల జీవులున్నాయని. ఉన్నాయి, కాదనను. కానీ అవి ఆయన చేలో మట్టిలో కూడా ఉన్నాయి. ఎకరా నేలలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు తొమ్మిది లక్షల కిలోలు, ఆ మట్టిలో ప్రతి గ్రాముకీ పదుల కోట్ల బ్యాక్టీరియా. డ్రమ్ములోని జీవుల్ని ఎంత ఉదారంగా లెక్కేసినా నేలలో ముందే ఉన్నవాటిలో వెయ్యో వంతు దగ్గర ఆగిపోతాయి. పైగా ఆవు కడుపులో బతకడం అలవాటైనవి ఎండ తగిలే మట్టిలో ఎన్ని రోజులు బతుకుతాయి?

ఆయన కోప్పడలేదు. అదే నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. "నువ్వు డ్రమ్ము లెక్కేశావ్. చేను లెక్కెయ్యలా. రా" అని చేలోకి తీసుకెళ్ళాడు.

అక్కడ కాళ్ళ కింద మట్టి కనపడదు. అరటాకులు, మొక్కజొన్న చొప్ప, కోసి పడేసిన జనుము, అన్నీ ఒకదానిమీదొకటి. చెయ్యి పెట్టి పొర తీస్తే కింద చల్లగా, చెమ్మగా ఉంది. వేళ్ళకి తగిలే మట్టి పిండితే ముద్దవుతుంది, వదిలితే పలుకులుగా విడుతుంది. ఒక్క బొచ్చెడు మట్టిలో నాలుగు వానపాములు. గట్టు అవతల పక్కవాడి చేను నెర్రెలిచ్చి ఉంది. పసుపు నాటే ముందు జనుము, జీలుగ, పిల్లిపెసర, అలసంద, మినుము, నువ్వు, సజ్జ, చేతికందిన గింజలన్నీ కలిపి చల్లి నలభై ఐదు రోజులకి కోసి అక్కడే పరుస్తాడు. జీలుగ, జనుము బాగా పెరిగితే ఎకరాకి పాతిక ముప్పై కిలోల నత్రజని చేరుతుంది, కొంత గాలిలోంచి, కొంత నేల అడుగునుంచి. దానిమీద నాలుగొందల కిలోల ఘనజీవామృతం. అంటే వంద కిలోల పేడకి కిలోనో రెండు కిలోలో బెల్లం, రెండు కిలోల పిండి, తడిపేంత మూత్రం కలిపి గోనె కప్పి రెండు రోజులుంచి నీడన ఆరబెట్టిన పొడి. ఏళ్ళ తరబడి వేసిన డీఏపీలో పంటకి అందని భాస్వరం కూడా డెల్టా నేలల్లో పేరుకుని ఉంటుంది, దానికీ ఇప్పుడు పని తగిలింది. ఇన్ని ఉన్నాక పసుపు పండకపోతే ఆశ్చర్యపోవాలి.

"బాబాయ్ గారూ, ఆకులూ జనుమూ అన్నీ వేసి, జీవామృతం ఒక్కటే పొయ్యకుండా రెండు సాళ్ళు ఎప్పుడైనా వదిలి చూశారా?"

"ఎందుకొదులుతా?"

"పని చేస్తుందో లేదో తెలియడానికి."

"పని చేస్తుంటే వదిలిన రెండు సాళ్ళకీ నష్టం ఎవరిది? నీ చదువుదా, నాదా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి రెండు సాళ్ళ దిగుబడి పోతే భరించాల్సింది పరిశోధన చేసేవాళ్ళే, కౌలు కట్టే రైతు కాదు. ప్రకృతి వ్యవసాయాన్ని రాష్ట్రమంతా నడిపించే రైతు సాధికార సంస్థ ఆఫీసు గుంటూరులోనే ఉంది, 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. ఊరికి రెండు సాళ్ళు అద్దెకి తీసుకుని జీవామృతం లేకుండా వదిలేస్తే పదేళ్ళ వాదన ఒక్క పంటకి తేలుతుంది. పైసా ఖర్చు లేని సాగన్న మాట కూడా ఆ చేలో నిలబడదు. పేడకి ట్రాక్టరు కిరాయి, జనుము కోతకి కూలీలు, పొర పరవడానికి మళ్ళీ కూలీలు. 480లో కొంత ఎక్కడికి పోతోందో అప్పుడర్థమైంది. పోనీ రైతుకి పోతోందా అంటే, బాబాయిగారు కొమ్ములు అమ్మేది కొట్టువాడి ధరలో సగానికి కాస్త ఎక్కువకి.

పురుగుమందుల షెడ్డు దగ్గర ఇంకో వాదన. నీమాస్త్రానికి ఐదు కిలోల వేపాకు రుబ్బి, ఐదు లీటర్ల మూత్రం, కిలో పేడ, వంద లీటర్ల నీళ్ళలో ఒక రోజు నానబెట్టి వడకట్టి నేరుగా కొడతారు. వేపలో పురుగుని ఆపే అజాడిరక్టిన్ ఆకులో తక్కువ, గింజలో ఎక్కువ. ఎండకి విరిగిపోతుంది కూడా. అందుకే సాయంత్రం కొట్టాలి, చేసింది నిలవుంచకూడదు. గింజలు దొరికే చోట ఆకుతో తిప్పలు పడటం ఎందుకో నాకు తెలియదు. అగ్నాస్త్రం దగ్గర మాత్రం గట్టిగానే చెప్పాను. కిలో పొగాకు, అరకిలో పచ్చిమిర్చి, అరకిలో వెల్లుల్లి, ఐదు కిలోల వేపాకు పది లీటర్ల మూత్రంలో పొంగులొచ్చేదాకా కాచి, రెండు రోజులుంచి, వంద లీటర్ల నీళ్ళకి రెండు మూడు లీటర్లు కలిపి కొడతారు. మిర్చీ పొగాకూ రెండూ గుంటూరు సొంత సరుకే కాబట్టి చాలా ప్రకృతిసిద్ధంగా కనపడుతుంది. కానీ పొగాకు కషాయంలో ఉన్నది నికొటిన్, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. కూలీ కుర్రాడు చొక్కా విప్పేసి చేతులతో కలుపుతున్నాడు. తల తిరగడం, వాంతి వస్తే ఎండదెబ్బ అనుకుంటున్నారట. రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, గాలికి ఎదురు నడవకపోవడం ఇక్కడ కూడా అంతే తప్పనిసరి. ఆకుకూరల మీద జీవామృతం చల్లి మూడో రోజు కోసి అమ్మడం ఇంకో పొరపాటు. పేడలో విరేచనాలు పట్టించే ఈ-కొలై బ్యాక్టీరియా ఉంటుంది, కొత్తిమీర పచ్చిగానే తింటాం.

భోజనానికి కొర్రన్నం పెట్టారు. తెనాలి పక్కన, కృష్ణా కాలవ గట్టున, వరి రాజ్యంలో కూర్చుని కొర్రలు తినాల్సి రావడం నాకు నచ్చలేదు, అది ఎంత ఆరోగ్యమైనా సరే. కంద బచ్చలి కూర మాత్రం మర్చిపోలేను. పసుపు సాళ్ళ మధ్య పండిన కంద, ఆవ పెట్టి, చింతపండు తగినంత. తాలింపు గానుగ నూనె. ఆ నూనె గురించి ఒక మాట. రెండున్నర మూడు కిలోల వేరుశనగపప్పు ఆడితే కిలో నూనె, చెక్కలో ఇంకా చాలా మిగిలిపోతుంది, అందుకే అంత ధర. రుచికి తిరుగులేదు. అయితే పప్పు బూజు పట్టిందయితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా మడ్డితో పాటు నూనెలోకి వస్తుంది, రిఫైనరీలో క్షారంతో తీసేసేది అదే. గానుగ దగ్గర నూనె వాసన చూసి మురిసిపోయే ముందు గోనెలో పప్పు వాసన చూడాలి. తేర్చి వడకట్టిన నూనే కొనాలి.

చీకటి పడ్డాక పిన్నిగారు నాకు దిష్టి తీసింది. పొద్దున్నుంచీ ఎండలో తిరిగి మొహం వాడిపోయిందట. పళ్ళెంలో నీళ్ళు, చిటికెడు పసుపు, వేలితో సున్నం. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. సున్నం క్షారం కదా పిన్నీ, పసుపు క్షారంలో ఎర్రబడుతుంది, మా ల్యాబులో కాగితానికి పసుపు పూసి క్షారం ఉందో లేదో చూస్తాం, కుంకుమ కూడా ఇట్టాగే చేస్తారు అన్నాను. "తెలుసులే, మరి దిష్టి ఎందుకు ఎర్రగుంటదనుకున్నావ్?" అని నీళ్ళు గుమ్మం బయట పారబోసింది.

ఆవిడ ఇంట్లో కొన్నిటికి మాత్రం నేను దణ్ణం పెడతాను. రాత్రి రాగి బిందెలో నీళ్ళు పోసి పొద్దున తాగుతారు. పదహారు గంటలు రాగిపాత్రలో ఉంచితే విరేచనాల బ్యాక్టీరియా చచ్చిపోయిందని 2012లో పరిశోధన ఫలితం వచ్చింది, నీళ్ళలోకి దిగిన రాగి కూడా ప్రమాదపు హద్దుకి బాగా లోపే ఉంది. కానీ ఆ బిందెలో మజ్జిగ, చింతపులుసు, నిమ్మరసం పొయ్యకూడదు, పులుపుకి రాగి ఎక్కువగా కరిగి వాంతులవుతాయి. ఈ జాగ్రత్త పిన్నిగారికి నాకంటే బాగా తెలుసు. ఇక బొడ్డుకోసిన చోట పేడో బూడిదో పూసే అలవాటు, పురిటి ధనుర్వాతానికి అది రాచబాట. దేశంలో ఆ జబ్బుని అదుపు చేశామని 2015లో ప్రకటించగలిగింది గర్భిణులకి టీకా, ఆస్పత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు వల్ల. ఆ అలవాటు ఈ ఊళ్ళో కూడా పోయింది. పోయినందుకు ఎవరూ బాధపడలేదు.

తెల్లవారకముందే పసరు అరుగు దగ్గర జనం. అందరూ పరగడుపున రావాలి. పసరు పోసే తాత ఎనభైకి దగ్గర్లో ఉంటాడు, నిదానమైన మనిషి, డబ్బు అడగడు. నేలఉసిరి మొక్క వేళ్ళతో సహా పీకి, కడిగి, రాతి మీద మెత్తగా నూరి, ఉసిరికాయంత ముద్ద మజ్జిగలో కలిపి ఇస్తాడు. వారానికొకటి చొప్పున మూడు. పథ్యం ఉప్పులేని చారన్నం, నూనె వాసన తగలకూడదు.

నేలఉసిరిని తీసిపారెయ్యడానికి లేదు. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బీ వైరస్‌ని కనుక్కుని నోబెల్ పొందిన బ్లంబెర్గ్‌తో కలిసి, లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫలితం అచ్చువేశారు. ఆ వైరస్ ఒంట్లో నిలిచిపోయిన 37 మందికి ముప్పై రోజులు నేలఉసిరి పొడి ఇస్తే 22 మందిలో దాని జాడ పోయింది. ఉత్తి మాత్రలు మింగిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. అయినా తాత దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందివి తాగునీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ రకాలు. మూడు ఆదివారాలయ్యేసరికి చాలామందికి ఎటూ తగ్గుముఖం పడుతుంది. పథ్యం వల్ల మాత్రం పిల్లలు నీరసించిపోతారు. కాలేయం బాగుపడటానికి తిండి కావాలి.

పసరు అయ్యాక చేతులు కడగడం. తాత ఒక చెక్క నూరిన ముద్ద తీసి బస్సులో కలిసిన పిల్లాడి అరచేతులకి, ముంజేతులకి పల్చగా రాశాడు. ఇత్తడి పళ్ళెంలో తేట నీళ్ళు, పక్కన ఇంకో గిన్నెలో సున్నం అడుగున తేరుకుని ఉంది. వాడి చేతులు పళ్ళెంలో పెట్టి పైనుంచి కిందికి రుద్దుతుంటే వేళ్ళ చివర్ల నుంచి పసుప్పచ్చటి చారలు దిగాయి. కాసేపటికి పళ్ళెమంతా పచ్చన. "దిగుతోంది, దిగుతోంది" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. అమ్మమ్మ చేతులు జోడించింది.

నేను పక్కనే కూర్చుని ఆ ముద్ద వాసన చూశాను. మామిడి బెరడు. దాని వగరుకి సున్నపు తేట తగిలితే వచ్చే రంగు అది.

"తాతా, నా చేతులకీ రాస్తావా?"

తాత ఏమాత్రం తటపటాయించలేదు. నీళ్ళు మార్చాడు, రాశాడు, కడిగాడు. అంతే పచ్చగా దిగింది. పళ్ళెంలోకి చూసి, నా కళ్ళలోకి చూసి, "నీకూ కొద్దిగా ఉంది, వచ్చే వారం కూడా రా" అన్నాడు. జనంలో ఒక్కరూ నవ్వలేదు. నన్ను జాలిగా చూశారు.

మోసం చేస్తున్నాడని నేననుకోవడం లేదు. ఆయన తండ్రి చేసిందే ఆయన చేస్తున్నాడు. జబ్బు లేనివాడి చేతులు ఎన్నడూ కడగలేదు, కడిగిన ఒక్కడికీ జబ్బు ఉందనుకున్నాడు. ముక్కులో చేదుబీర జాతి కాయ రసం వేసే ఊళ్ళకంటే ఇది నయం. అక్కడ ముక్కు లోపలి పొర కాలి, పచ్చటి నీరు కారితే అదే కామెర్లు దిగడమంటారు, కొందరికి రక్తం ఆగదు. గర్భిణి వస్తే ఏం చేస్తావని అడిగాను. "ముట్టుకోను, ఆస్పత్రికి పొమ్మంటా" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి నమస్కారం పెట్టాను. చివరి నెలల్లో హెపటైటిస్ ఈ వస్తే వందమంది గర్భిణుల్లో పాతికమంది వరకూ చనిపోవచ్చు.

తిరుగు ఆటోలో అమ్మమ్మ, పిల్లాడు, నేను. ఆవిడకి నాలుగు విషయాలు మళ్ళీ మళ్ళీ చెప్పాను. పిల్లాడు మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ళలోంచి రక్తం వచ్చినా ఆదివారం కోసం ఆగొద్దు, వెంటనే తెనాలో గుంటూరో ఆస్పత్రికి పరుగెత్తాలి. దొడ్డికి తెల్లగా సున్నంలా వెళ్తున్నా చూపించాలి, అది పిత్తం దారి మూసుకుపోవడం కావచ్చు. జ్వరమని బిళ్ళలు ఇష్టమొచ్చినట్టు వెయ్యొద్దు. ఇంట్లో నీళ్ళు కాచి తాగాలి, దొడ్డికెళ్ళొచ్చాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, లేకపోతే వాడి చెల్లెలికి వస్తుంది. పథ్యం మానేసి వాడు అడిగింది పెట్టాలి. రెండు వారాలకి ఇంకోసారి రక్తపరీక్ష, దాంతోపాటు రక్తం గడ్డకట్టే పరీక్ష కూడా.

"ఆ గడ్డకట్టేదానికి ఎంతవుద్ది?"

"సర్కారు ఆస్పత్రిలో అయితే ఊరికే చేస్తారు."

"అయితే అదీ చేయిద్దాం, మిగతా పసరూ పట్టిద్దాం. రెంట్లో ఏదో ఒకటి పని చెయ్యకపోదు."

"తగ్గాక ఏది తగ్గించిందని చెబుతావ్ అమ్మమ్మా?"

"పసరే" అంది, తడుముకోకుండా.